తారక్ భుజం మీద పులిని ఎవరు కుట్టారు?

నమస్తే అండీ. ముందుగా ఒక ఫొటో చూపిస్తాను. 2023 మార్చి 12, లాస్ ఏంజెలస్, డాల్బీ థియేటర్ బయట. నల్ల వెల్వెట్ బంద్‌గలాలో, అంటే మెడ దాకా మూసుండే కోటులో, మన జూనియర్ ఎన్టీఆర్. భుజం మీద బంగారు రంగు దారాలతో కుట్టిన పులి.

మనకి అప్పటికి మార్చి 13 తెల్లవారుజాము. ఆస్కార్ ప్రోగ్రాం పొద్దున అయిదున్నరకి మొదలవుతుంది, కార్పెట్ అంతకంటే చాలా ముందే. అందుకని నేను మూడున్నరకే అలారం పెట్టుకుని లేచాను. "ఈ టైంకి టీవీ ఏందే" అనుకుంటూ అమ్మ కూడా లేచింది. ఇద్దరం టీ పెట్టుకుని కూర్చున్నాం. తారక్ స్క్రీన్ మీదకి రాగానే నేను ఈల వేశాను. అమ్మ మాత్రం టీవీకి దగ్గరగా వెళ్ళి, "ఆ పులిని ఎవరు కుట్టిన్రే?" అంది.

"గౌరవ్ గుప్తా అమ్మా, పెద్ద డిజైనర్" అన్నాను.

"ఆయనే కూసొని కుట్టిండా?"

నా దగ్గర జవాబు లేదు. అప్పటికి కొన్నేళ్ళుగా రెడ్ కార్పెట్ ఫ్యాషన్ గురించి మాట్లాడుతూనే ఉన్నాను. ఏ హీరోయిన్ ఏ ఏడాది ఏ గౌను వేసుకుందో నిద్రలో లేపినా చెప్తాను. కానీ ఈ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. ఈ వీడియో అమ్మ అడిగిన ఆ ప్రశ్న గురించే.

ముందు ఆ పులి గురించి. కార్పెట్ మీద ఇంటర్వ్యూలో తారక్ దాని గురించి రెండు మాటలు చెప్పాడు. ఆర్ఆర్ఆర్ సినిమాలో తనతో పాటు దూకిన పులి ఇదేనని, అది మన జాతీయ జంతువు అని. ఇంటర్వెల్ ముందు భీమ్ జంతువులతో కలిసి లారీలోంచి దూకే సీన్ గుర్తుంది కదా? థియేటర్‌లో మనం గొంతు పోయేదాకా అరిచిన సీన్. దాన్ని తీసుకెళ్ళి హాలీవుడ్‌లో భుజం మీద పెట్టుకున్నాడు. నాకు ఇది రెడ్ కార్పెట్ మీద మనవాళ్ళు వేసుకున్నవాటిలో బెస్ట్, ఇప్పటికీ. ఎందుకంటే ఆ డ్రెస్‌కి ఒక కారణం ఉంది. వేరే హీరో వేసుకుంటే ఆ పులికి అర్థమే ఉండదు.

ఆ రోజు చరణ్ కూడా నల్లటి బట్టల్లోనే వచ్చాడు, డిజైనర్లు శాంతను అండ్ నిఖిల్ వాళ్ళవి. రాజమౌళి గారు మన పద్ధతిలో కుర్తా వేసుకొచ్చారు. ఉపాసన అప్పుడు కడుపుతో ఉన్నారు, మన హైదరాబాద్ డిజైనర్ జయంతి రెడ్డి చేసిన చీర కట్టుకున్నారు. ఇంకో సంగతి, ఆ ఏడాది ఆస్కార్ కార్పెట్ ఎర్రగా లేదు. షాంపేన్ రంగు. 1961 నుంచి ఎర్రగానే ఉంటూ వచ్చినది, మనవాళ్ళు వెళ్ళిన ఏడాదే మార్చారు. మా అమ్మ "ఎర్రదైతే పులి ఇంకా మంచిగ కనిపించేది" అంది. నాకూ అలాగే అనిపించింది.

తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. నాటు నాటు గెలిచింది, కీరవాణి గారు, చంద్రబోస్ గారు స్టేజి ఎక్కారు, ఇంట్లో మేమిద్దరం ఏడ్చాం. మన ఫ్యాన్స్ మాత్రం మా హీరోని ఎక్కువసేపు చూపించారు, మీ హీరోని తక్కువ చూపించారు అని కొట్టుకోవడం మొదలుపెట్టారు. దాని గురించి నేను మాట్లాడను. నాకు ఇద్దరూ ఇష్టమే.

అమ్మ ప్రశ్న మాత్రం వదల్లేదు. మా కాలనీలో మగ్గం వర్క్ చేసే షాపు ఒకటుంది. బ్లౌజులు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఫోన్‌లో ఈ ఫొటో చూపించాను. ఇద్దరు కూర్చుని పనిచేస్తున్నారు. చెక్క ఫ్రేముకి గుడ్డ బిగించి ఉంది, ఫ్రేముకి అటొకరు ఇటొకరు. ఒక చెయ్యి గుడ్డ పైన, కొక్కెం ఉన్న సూదితో. రెండో చెయ్యి గుడ్డ కింద, దారం పట్టుకుని. కింద చెయ్యి మనకి కనపడదు. కానీ సూది దిగిన ప్రతిసారీ కింద ఉన్న ఆ వేళ్ళే దారాన్ని కొక్కేనికి అందించాలి, చూడకుండా. అంత వేగంలో అది ఎలా తప్పకుండా జరుగుతుందో నేను పది నిమిషాలు చూసినా పట్టుకోలేకపోయాను.

వాళ్ళలో పెద్దాయన ఫొటో జూమ్ చేసి చాలాసేపు చూశాడు. "వెల్వెట్ మీద కష్టం మేడం" అన్నాడు. "పట్టు మీదైతే తప్పు పడితే విప్పి మళ్ళీ కుట్టొచ్చు. వెల్వెట్ మీద సూది దిగితే ఆ గుర్తు పోదు. మొదటిసారే కరెక్ట్‌గా రావాలి."

తారక్ పులి గురించి వచ్చిన వీడియోలు, రీల్స్ అన్నీ నేను చూశాను. వాటన్నిటిలో దొరకని సంగతి ఈయన ఒక్క నిమిషంలో చెప్పాడు. ఆ పులిని చూసే నా చూపే మారిపోయింది.

సరే, ఇప్పుడు న్యూయార్క్ వెళ్దాం. మెట్ గాలా. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను: ప్రతి ఏడాది మే నెల మొదటి సోమవారం, మెట్రోపాలిటన్ మ్యూజియంలో బట్టల చరిత్రకి సంబంధించిన విభాగం కోసం డబ్బు పోగుచేసే విందు. ఆ మ్యూజియం మెట్ల మీద సెలబ్రిటీలు ఎక్కుతూ ఫొటోలు దిగుతారు. ఒక ముచ్చట చెప్పాలి, 2023లో ఆ మెట్ల మీద పరిచిన కార్పెట్ మన పక్కనే కేరళలో, ఆలప్పుళ జిల్లాలో నేసింది. ఆ రోజు మెట్లు ఎక్కినవాళ్ళందరూ మన దక్షిణాది చేతిపని మీద నడిచారు.

2024లో ఆలియా భట్ డిజైనర్ సబ్యసాచి చీరలో వెళ్ళింది. లేత ఆకుపచ్చ, పూల ఎంబ్రాయిడరీ, వెనకాల మెట్ల మీద పారిన పొడుగాటి కుచ్చిళ్ళు. చీర బాగుంది, కానీ నాకు నచ్చింది అది కాదు. ఆ చీర వెనక 163 మంది ఉన్నారని, 1965 గంటల పని అని లెక్క బయటికి చెప్పారు. ఒక్క మనిషి రోజుకి 8 గంటల చొప్పున చేస్తే దాదాపు 246 రోజులు పడుతుంది. రెడ్ కార్పెట్ మీద డిజైనర్ పేరు చెప్పి ఊరుకునే అలవాటులో, కనీసం ఇంతమంది ఉన్నారు అని చెప్పడం పెద్ద అడుగు. దానికి ఆలియాకి నిజంగా థాంక్స్ చెప్పాలి. అయితే 163 అనేది అంకె. వాళ్ళలో ఒక్కరి పేరు, ఒక్కరి మొహం మనకి తెలియదు.

ఇక 2025. ఆ ఏడాది అక్కడి ఎగ్జిబిషన్ అంశమే టైలరింగ్. నల్లజాతి మగవాళ్ళు కోటు, సూటు కుట్టించుకుని దర్జాగా, గౌరవంగా నిలబడిన చరిత్ర. అంటే ఆ రాత్రి మొత్తం దర్జీల రాత్రి అన్నమాట.

ఆ రాత్రికే షారుఖ్ ఖాన్ మొదటిసారి వెళ్ళాడు. విదేశీ మీడియా వాళ్ళు మీ గురించి చెప్పండి అంటే "నేను షారుఖ్" అని సింపుల్‌గా చెప్పాడు. పక్కనే ఉన్న సబ్యసాచి, ఈయన ప్రపంచంలోనే చాలా పేరున్న మనిషి అని వాళ్ళకి చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ ఫ్యాన్స్‌కి మండిపోయింది, మా షారుఖ్‌నే గుర్తుపట్టరా అని. నాకు కోపం రాలేదు. అంత పెద్ద స్టార్ మొహంలో విసుగు లేకుండా తన పేరు తను చెప్పుకున్నాడు, అది చూడముచ్చటగా ఉంది.

నా బాధ ఇంకొకటి. ఆ కోటు గురించి మనకి అన్నీ చెప్పారు. టాస్మేనియా ఉన్ని. జపాన్ నుంచి తెచ్చిన కొమ్ము గుండీలు. చేతికర్రకి బెంగాల్ పులి తల, 18 క్యారెట్ల బంగారం, నీలాలు, పాతకాలం కోత వజ్రాలు. చూడండి, ఇక్కడ కూడా పులే! ఉన్ని ఏ దీవి నుంచి వచ్చిందో చెప్పారు, గుండీ ఏ దేశానిదో చెప్పారు. ఆ కోటు కత్తిరించిందెవరు, నేలదాకా అంత పొడుగు కోటుని భుజం దగ్గర ముడత లేకుండా కూర్చోబెట్టిందెవరు? దర్జీల పేరు మీద జరిగిన రాత్రి కూడా దర్జీ పేరు రాలేదు.

అదే రోజు దిల్జీత్ దోసాంజ్‌ని చూసి మాత్రం నేను కుర్చీలోంచి లేచాను. ప్రబల్ గురుంగ్ చేసిన తెల్లటి డ్రెస్, తలపాగా, కత్తి. పటియాలా మహారాజు భూపీందర్ సింగ్‌ని గుర్తుచేసే వేషం. వెనక్కి తిరిగితే అంగీ మీద పంజాబ్ మ్యాప్, గురుముఖి అక్షరాలు. తన భాష అక్షరాల్ని వీపు మీద మోసుకుంటూ న్యూయార్క్ మెట్లు ఎక్కాడు. మన అ, ఆ, ఇ, ఈ కూడా ఒకరోజు ఆ మెట్లు ఎక్కాలని నాకు అప్పుడు పుట్టిన కోరిక ఇంకా పోలేదు. మన అక్షరాల గుండ్రదనం జరీలో ఎంత బాగుంటుందో ఊహించండి.

కియారా అద్వానీ కూడా ఆ రోజు మొదటిసారి వెళ్ళింది, కడుపుతో. బంగారు రంగు కవచం మీద ఒక పెద్ద గుండె, కింద పొట్ట దగ్గర చిన్న గుండె, రెండింటినీ కలుపుతూ బొడ్డుతాడులా ఒక గొలుసు. చేసిందెవరో తెలుసా? గౌరవ్ గుప్తా. మన తారక్ పులి డిజైనరే.

ఇక మన ఇంటి సంగతికి వస్తాను. 2024 డిసెంబర్ 4న అన్నపూర్ణ స్టూడియోస్‌లో నాగచైతన్య, శోభిత పెళ్ళి జరిగింది. అందరూ ఆ బంగారు జరీ కంచిపట్టు చీర గురించే మాట్లాడారు. పెళ్ళి కోసం పొందూరులో నేసిన తెల్ల ఖాదీ చీర కూడా తీసుకున్నారని ఒక చిన్న వార్త వచ్చింది. నాకు ఆ ఒక్క లైను చాలు. శోభిత తెనాలిలో పుట్టి, విశాఖలో పెరిగిన అమ్మాయి. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఆమెకి బాగా తెలిసిన ఊరే అయ్యుంటుంది.

పొందూరులో పత్తిని దేనితో దువ్వుతారో తెలుసా? వాలుగ చేప దవడతో. నిజంగా చేప దవడే. దానిలో వరసగా సన్నటి పళ్ళు ఉంటాయి, ఆ పళ్ళతో దూదిని దువ్వితే చెత్త, పొట్టిపీచు పోయి సాఫీగా వస్తుంది. ఆ దూదిని ఆడవాళ్ళు రాట్నం మీద వడికితే వంద కౌంటు సన్నటి నూలు వస్తుంది. ఇంత వింత పని ఏ ప్యారిస్ ఫ్యాషన్ హౌస్‌లో ఉన్నా, దాని మీద ఈపాటికి డాక్యుమెంటరీలు వచ్చేవి. మన దగ్గర పెళ్ళి వార్తలో ఒక లైను.

సమంత విషయంలోనూ ఇదే జరిగింది. 2024 ఏప్రిల్‌లో ఒక అవార్డు ఫంక్షన్‌కి, తన తెల్ల పెళ్ళి గౌనునే నల్ల డ్రెస్‌గా మార్పించుకుని వేసుకొచ్చింది. రెండుసార్లూ పని చేసింది క్రేషా బజాజే. తెల్ల గౌను నల్ల డ్రెస్ ఎలా అయింది, దారాలు ఎలా విప్పారు, ఆ పని ఎంత కష్టం అని అడిగినవాళ్ళు లేరు. చర్చ అంతా విడాకుల మీదకే పోయింది. అది ఆమె సొంత బతుకు. నాకు ఆ డ్రెస్ కావాలి, దాని కథ కావాలి.

ఇదంతా నేను ఎందుకింత పట్టించుకుంటున్నానంటే, మా అమ్మమ్మ వాళ్ళ ఊరు పోచంపల్లి దగ్గర. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే పక్కింట్లో ఆసు పోయడం చూసేదాన్ని. ఇక్కత్ చీరలో డిజైన్ నేతలో రాదు, అంతకంటే ముందే దారానికి ముడులు వేసి రంగులో ముంచితే వస్తుంది. ఆ ముడులు వెయ్యడానికి ముందు దారాన్ని మేకుల మీద పరుచుకోవాలి, అదే ఆసు. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరస. దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చేత్తో తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9000 సార్లు కదలాలి. ఎక్కువగా చేసేది ఇంటి ఆడవాళ్ళు. పక్కింటి అత్త సాయంత్రం అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడానికి ఎడమచేత్తో కుడి మోచేతిని పైకి ఎత్తుకోవడం నా కళ్ళతో చూశాను.

చింతకింది మల్లేశం గారు తన తల్లి భుజం నొప్పి చూడలేక, ఏళ్ళ తరబడి కష్టపడి ఆసు మిషన్ కనిపెట్టారు. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు మిషన్. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. నాలుగైదు గంటల పని గంటన్నరకి వచ్చింది. ఒక చీర వెనక ఉన్న భుజానికి దేశం దండం పెట్టిన రోజు అది. నాకు ఆ పద్మశ్రీ ఏ రెడ్ కార్పెట్‌కీ తక్కువ కాదు.

అందుకే నా ఛానల్‌లో ఇకనుంచి ఒక మార్పు. ఏ లుక్ గురించి మాట్లాడినా, ఎవరు వేసుకున్నారు, ఎవరు డిజైన్ చేశారు అన్నదాని తర్వాత, ఎవరు నేశారు, ఎవరు కుట్టారు అని వెతుకుతాను. దొరికితే ఆ పేర్లు స్క్రీన్ మీద హీరో పేరంత సైజులో వేస్తాను. మీ ఇంట్లో, మీ వీధిలో నేతవాళ్ళు, మగ్గం వర్క్ చేసేవాళ్ళు, దర్జీలు ఉంటే, వాళ్ళు ఒప్పుకుంటేనే, పనిచేస్తుండగా ఒక చిన్న వీడియో తీసి పంపండి.

నిన్న అమ్మ బీరువాలోంచి తన పాత పోచంపల్లి చీర తీసింది. వంకాయ రంగు, తెల్ల అంచు. మడతలో కొన్నప్పటి చీటీ ఇంకా ఉంది. రంగు రాసుంది, ధర రాసుంది, నేసినవాళ్ళ పేరు లేదు. "ఊర్ల అడిగితే అంచు చూసి చెప్తరు, ఎవరింటి పనో" అంది. ఆదివారం పొద్దున్నే ఆ చీర పట్టుకుని ఇద్దరం పోచంపల్లి వెళ్తున్నాం. కెమెరా తీసుకెళ్తున్నాను.