గుంటూరు గ్రహణం నుంచి పరమాణువు గర్భం దాకా
(చెన్నైలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నుంగంబాక్కంలో వాతావరణ కేంద్రం ఆవరణలో ఒక గ్రానైట్ స్తంభం ఉంది. 1792లో కట్టిన మద్రాసు అబ్జర్వేటరీ గుర్తుగా మిగిలిందది. ఆ అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్ 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి మచిలీపట్నం వెళ్లాడు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును పట్టకంతో విడదీస్తే విడివిడిగా రంగుగీతలు కనిపించాయి. వాటిలో పసుపు గీత ఒకటి. ఒక్కో మూలకం తనకే చెందిన గీతలిస్తుంది కాబట్టి, గీతను బట్టి మూలకాన్ని గుర్తుపట్టవచ్చు.

గుంటూరులో హీలియం కనిపెట్టారని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ మాటకు కాస్త సవరణ కావాలి. అక్కడ కనిపించిన పసుపు గీతను చాలామంది సోడియందే అనుకున్నారు. అది సోడియంది కాదని తేలింది ఆ ఏడాది అక్టోబరు తర్వాతే, ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ కొలతలతో. సోడియం జంటగీతల తరంగదైర్ఘ్యాలు 589.0, 589.6 నానోమీటర్లు (నానోమీటరంటే మీటరులో వందకోట్లో వంతు). కొత్త గీత, అంటే హీలియంది, 587.6 దగ్గర ఉంది. తేడా ఒకటిన్నర నానోమీటర్లే.

అదెంత చిన్న తేడానో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. 30 సెంటీమీటర్ల అట్టపెట్టెకు ఒక చివర సన్నని చీలిక, రెండో చివర పాత సీడీ ముక్క పెట్టండి. సీడీ గాడుల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. చీలిక 1 మిల్లీమీటరు వెడల్పు ఉంటే ఒక్కో గీతా దాదాపు 5 నానోమీటర్ల మేర అలుక్కుపోతుంది. సోడియం, హీలియం కలిసి ఒకే పసుపు మచ్చవుతాయి. రెండు బ్లేడు అంచులను 0.2 మిల్లీమీటర్ల ఎడంలో అతికించి చీలిక చేస్తే ఆ అలుకు 1 నానోమీటరుకు తగ్గుతుంది. చీలిక గాడులకు సమాంతరంగా లేకపోతే ఈ శ్రమంతా వృథా. ఎల్‌ఈడీ కాని పాతరకం ట్యూబులైటు వైపు పెట్టి చూస్తే పాదరసం ఆకుపచ్చ గీత 546 దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. సూర్యుడి వైపు మాత్రం పెట్టకండి, కన్ను పోతుంది.

భూమ్మీద హీలియం 1895లో దొరికింది. యురేనియం ఖనిజం నుంచి వచ్చిన వాయువులో రామ్సే ఆ పసుపు గీతనే చూశాడు. యురేనియం ఖనిజంలో హీలియం ఎందుకుంది? రేడియోధార్మిక పదార్థాలు విసిరే ఆల్ఫా కణమే ఎలక్ట్రాన్లు కోల్పోయిన హీలియం కాబట్టి. రూథర్‌ఫర్డ్, రాయిడ్స్ ఆల్ఫా కణాలను పలుచని గాజుగోడ గుండా గాలిలేని గొట్టంలోకి పంపి, కొన్నాళ్లు పోగుచేసి, విద్యుత్తు పారించారు. మళ్లీ అదే పసుపు గీత.

ఆ ఆల్ఫా కణాలనే తూటాలుగా వాడి గైగర్, మార్స్‌డెన్ 1909లో లోహపు రేకుల మీదికి వదిలారు. చీకటిగదిలో కూర్చుని, జింక్ సల్ఫైడ్ తెర మీది మినుకులను మైక్రోస్కోపులో ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. ప్లాటినం మీద పడినవాటిలో 8,000కు ఒకటి వెనక్కి తిరిగి వచ్చింది. ధనావేశం పరమాణువంతా పరుచుకుని ఉంటే ఇలా జరగదు. దాన్ని మధ్యలో చిన్న చోట, అంటే కేంద్రకంలో, కుదించి చూపే లెక్కను రూథర్‌ఫర్డ్ 1911లో ప్రచురించాడు. బంగారం కేంద్రకాన్ని ఆవగింజంత చేస్తే పరమాణువు సుమారు 40 మీటర్లుంటుంది, మైలాపూరు కపాలీశ్వరుడి గోపురమంత.

చిక్కు అక్కడే వచ్చింది. చుట్టూ తిరిగే ఎలక్ట్రాను కాంతిని వెదజల్లుతూ శక్తి కోల్పోయి, కన్నుమూసి తెరిచేలోగా కేంద్రకంలో పడిపోవాలి. పడేలోపల అన్ని రంగులూ ఇవ్వాలి, విడి గీతలు కాదు. 1913లో బోర్ కొన్ని శక్తిస్థాయిలే ఉంటాయన్నాడు. హైడ్రోజన్‌కు ఆ శక్తి మైనస్ 13.6ను స్థాయి సంఖ్య వర్గంతో భాగిస్తే వస్తుంది, పరమాణువుల శక్తిని కొలిచే ఎలక్ట్రాన్ వోల్టుల్లో. మూడో స్థాయి నుంచి రెండో స్థాయికి దిగితే 1.89 విడుదలవుతుంది. ఆ శక్తిని తరంగదైర్ఘ్యంగా మార్చడానికి 1240ని దాంతో భాగిస్తే 656 నానోమీటర్లు. గ్రహణం నాటి జ్వాలల్లో ఎర్రగీత ఇదే.

ఒక ఎలక్ట్రాను పోయిన హీలియానికీ బోర్ సూత్రం పనిచేసింది. హైడ్రోజన్‌తో పోలిస్తే శక్తి నాలుగింతలు కావాలి. కొలతల్లో నాలుగు కాదు, 4.0016 వస్తోందని ఇంగ్లండు శాస్త్రవేత్త ఫౌలర్ అభ్యంతరం చెప్పాడు. కేంద్రకం కూడా కాస్త ఊగుతుందని లెక్కలో చేర్చి బోర్ 4.00163 చూపించాడు. సిద్ధాంతానికి ఇంతకంటే గట్టి పరీక్ష నాకు కనబడదు.

రెండు ఎలక్ట్రాన్లూ ఉన్న మామూలు హీలియం దగ్గర మాత్రం తప్పాడు. రెండూ ఒకే వలయంలో ఎదురెదురుగా తిరుగుతాయనుకుంటే, ఒకదాన్ని ఊడదీయడానికి 28.9 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. నిజమైన విలువ 24.6. కక్ష్యలను ఎంత వంచి చూసినా కుదరలేదు. ఎలక్ట్రాన్లను చిన్న గ్రహాలుగా ఊహించినంత కాలం ఆ తేడా పోదు. 1926లో ష్రోడింగర్ ఇచ్చిన తరంగ సమీకరణంతో, ఎలక్ట్రాన్ల మధ్య దూరాన్ని కూడా లెక్కలోకి తెచ్చి హిలెరాస్ 1929లో 24.6కు చేరాడు.

మన పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ హీలియం బొమ్మ అంటే ఒక వలయం, దాని మీద ఎదురెదురుగా రెండు చుక్కలు. 28.9 వచ్చిన బొమ్మ అదే.