అరవై బొమ్మలను యాభై చేయడం
(విజయనగరంలో పెళ్లి వీడియోలు తీసేవారి సమావేశంలో చేసిన ప్రసంగం)

మిత్రులారా, నమస్కారం.

వీడియో క్యాసెట్ల రోజుల్లో గంటస్తంభం దగ్గర మా చిన్న దుకాణానికి ఒక పెద్దాయన వచ్చారు. చేతిలో అమెరికా నుంచి కొడుకు పంపిన క్యాసెట్. మనవరాలి మొదటి పుట్టినరోజు. ఇంట్లో వీసీఆర్‌లో పెడితే బొమ్మకు రంగు లేదు, పైకీ కిందికీ దొర్లిపోతోంది. ‘‘పాడైపోయిందా బాబూ?’’ అని దిగులుగా అడిగారు. పాడవలేదు. అది అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ క్యాసెట్, ఆయన టీవీ మన దగ్గరి పద్ధతి అయిన పాల్ టీవీ. అంతే.

ఈ తేడాకు మూలం కరెంటు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మన దగ్గరా ఐరోపాలోనూ 50. తొలినాళ్ల టీవీల్లో కరెంటు ప్రభావం తెర మీద చారలుగా పాకేది. ఆ చారలు కదలకుండా ఉండాలని, బొమ్మ వేగాన్ని కరెంటు వేగానికి కట్టేశారు. టీవీ బొమ్మను అడ్డగీతలుగా గీస్తుంది, గీత విడిచి గీతగా రెండు విడతల్లో; ఒక్కో విడత ఒక అరబొమ్మ. అందుకే వాళ్లది 525 గీతలు, సెకనుకు 60 అరబొమ్మలు. మనది 625 గీతలు, 50 అరబొమ్మలు. 1953లో అమెరికా రంగుల ప్రసారానికి ప్రమాణం ఖరారైనప్పుడు రంగు సంకేతం ధ్వనితో గొడవపడకుండా ఆ 60ని 59.94కు దించారు. ఆ చిన్న తగ్గింపు ఎడిటింగ్ చేసేవారిని ఇప్పటికీ వేధిస్తూనే ఉంది. జర్మనీలో రూపుదిద్దుకున్న పాల్ పద్ధతిని మన దూరదర్శన్ 1982లో రంగులతో పాటు తెచ్చుకుంది.

ఆ క్యాసెట్‌ను నేను ఎలా మార్చానో చెబితే నవ్వుతారు. రెండు పద్ధతులూ ఆడించే టీవీ అద్దెకు తెచ్చి, గది చీకటి చేసి, ఎదురుగా కెమెరా పెట్టి తెరనే మళ్లీ తీశాను. తెర సెకనుకు 60 సార్లు వెలుగుతుంటే కెమెరా 50 సార్లే చూస్తుంది. తేడాగా మిగిలిన ఆ పదీ మినుకు మినుకుమంటూ బొమ్మంతా వణికింది. సిగ్గుపడ్డాను. తర్వాత తెలిసింది, 1969లో చంద్రుడి మీద నుంచి వచ్చిన బొమ్మలకు నాసా కూడా దాదాపు ఇదే చేసిందని. అక్కడి కెమెరా సెకనుకు పదే బొమ్మలు, 320 గీతలతో పంపేది. భూమ్మీద వాటిని ఒక తెర మీద వేసి, ఎదురుగా టీవీ కెమెరా పెట్టి ప్రసారానికి మార్చారు. అప్పటి నుంచి కాస్త ధైర్యంగా చెప్పుకుంటున్నాను.

గీతల సంఖ్య మార్చడం పెద్ద కష్టం కాదు. కష్టమంతా కాలంతోనే. మన పైడితల్లి జాతరలో ఊరేగే పొడవాటి సిరిమానునే తీసుకోండి. పాత క్యాసెట్‌లో ఒక అరబొమ్మలో బేసి గీతలు, తర్వాతి దానిలో సరి గీతలు ఉంటాయి. ఆ రెంటి మధ్య సెకనులో యాభయ్యో వంతులో మాను కదిలిపోతుంది. రెంటినీ కలిపి ఒకే బొమ్మగా చూస్తే మాను అంచున దువ్వెన పళ్లు కనిపిస్తాయి. ఈ పళ్లు తీయకుండా బొమ్మ సైజు మార్చారో, గీతలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ తర్వాత ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా విడదీయలేరు. కాబట్టి ముందు అరబొమ్మలను విడదీసి నిండుబొమ్మలు చేయాలి, తర్వాతే సైజు, తర్వాతే వేగం. ఈ వరుస తప్పి పాడైన పెళ్లిళ్లు నా దగ్గరికి ఎన్ని వచ్చాయో!

ఇక అరవైని యాభై చేయాలంటే ఆరింటిలో ఒకటి పారేయవచ్చు, అప్పుడు బొమ్మ కుదుపుతుంది. పక్కపక్కవి కలిపేయవచ్చు, అప్పుడు పాపకు నాలుగు చేతులు వస్తాయి. మూడో దారి ఏమిటంటే, ఏ ముక్క ఎటు కదులుతోందో లెక్కగట్టి మధ్యలో లేని బొమ్మను కొత్తగా గీయడం. చాలావరకు అద్భుతంగా ఉంటుంది, తలంబ్రాల దగ్గర తప్ప. అన్ని గింజలు ఒకేసారి ఎగిరితే లెక్క తప్పుతుంది. గింజలు గాలిలోనే కరిగిపోతాయి, ఒక్కోసారి పెళ్లికూతురి ముక్కు కూడా కాస్త సాగుతుంది. అక్కడ ఆ పద్ధతి ఆపేసి, కుదుపునే భరించమంటాను.

సినిమాది ఇంకో తమాషా. సెకనుకు 24 బొమ్మల సినిమాను పాల్ కోసం 25తో ఆడించేవారు. రెండు గంటల సినిమా 115 నిమిషాల్లో అయిపోతుంది, శ్రుతి హార్మోనియంపై ఒక మెట్టుకు కాస్త తక్కువగా పెరుగుతుంది. ఎక్కడైనా చెల్లుతుందేమో గానీ, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వాయులీనం నేర్పిన ఊళ్లో చెల్లుతుందా?

ఇదంతా పాతకథ అనుకోకండి. మీ కెమెరా సెకనుకు 25 బొమ్మల్లో ఉంటుంది, పెళ్లికొడుకు తమ్ముడి ఫోను 30లో తీస్తుంది. రెంటినీ ఒకే వీడియోలో పెడితే ఆ ఫోను ముక్కలు సెకనుకు ఐదుసార్లు తడబడతాయి. పెళ్లికి ముందే ఆ అబ్బాయిని పిలిచి, ఫోనులో 25 ఉంటే అది పెట్టించండి. షట్టర్ సెకనులో యాభయ్యో వంతులో ఉంచితే ట్యూబులైట్ల మినుకు కూడా పోతుంది.

వెనక బల్ల మీద రెండు పద్ధతులూ చదివే యంత్రం తెచ్చాను. మీ ఇళ్లలో క్యాసెట్లుంటే మధ్యాహ్నం తీసుకురండి. బూజు పట్టినవి మాత్రం మీరే యంత్రంలో పెట్టేయకండి, ముందు నాకు చూపించండి.