కంటి గూడు విరిగితే స్కాన్‌లో ఏం కొలుస్తారు? – ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. కంటికి దెబ్బ తగిలి, కంటి గూడు ఎముక విరిగినవాళ్ల సందేహాలకు ఈరోజు డాక్టరు గారు జవాబు చెబుతారు. తెనాలి నుంచి మొదటి కాల్. చెప్పండి.

కాలర్: నమస్తే డాక్టరు గారూ. బైకు మీద నుంచి పడి ఆరు రోజులైంది. సీటీ స్కాన్ తీశారు. కుడి కంటి గూడు అడుగున ఫ్రాక్చర్ అనీ, 16 ఇంటూ 13 మిల్లీమీటర్లనీ రాశారు. రెండు చదరపు సెంటీమీటర్లు దాటితే ఆపరేషన్ అని ఎవరో అన్నారు. గుణిస్తే 208 చదరపు మిల్లీమీటర్లు వచ్చింది, రెండు చదరపు సెంటీమీటర్లంటే 200, అంటే దాటినట్టే కదండీ? రాత్రంతా అదే టెన్షన్.

డాక్టర్: కంగారు పడకండి బాబూ. మీ గుణకారం కరెక్టే. కానీ అది నాలుగు మూలలూ ఉన్న పలకకు వేసే లెక్క. పగులు చాలాసార్లు కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. అప్పుడు మూలలు పోతాయి కాబట్టి అవే కొలతలకు దాదాపు 163 చదరపు మిల్లీమీటర్లే వస్తుంది. ఒక లెక్కలో గీత దాటారు, ఇంకో లెక్కలో దాటలేదు.

కాలర్: మరి ఏది నమ్మాలండీ?

డాక్టర్: స్కాన్‌నే మళ్లీ కొలవాలి. ముఖాన్ని ఎదురుగా చూస్తున్నట్టు, ముందు నుంచి వెనక్కి, మిల్లీమీటరు మందంలో ముక్కలుగా బొమ్మలు తయారుచేస్తారు. ప్రతి బొమ్మలో పగులు వెడల్పు కొలిచి, ముక్క మందంతో గుణించి, అన్నీ కూడతారు. వంకరటింకర పగులుకు అదే సరైన లెక్క. అందుకే రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్లకండి. సీడీ కూడా పట్టుకెళ్లండి.

ఇంకో కొలత కూడా ఉంది, నేను దానికే ఎక్కువ విలువ ఇస్తాను. పెద్దవాళ్ల కంటి గూడులో సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుంది, దగ్గు మందు మూతతో మూడు మూతలనుకోండి. అడుగు విరిగితే కంటి చుట్టూ ఉన్న కొవ్వు కింద సైనస్‌లోకి, అంటే చెంప వెనక ముక్కుతో కలిసి ఉండే గాలి గదిలోకి జారి, గూడు పెద్దదవుతుంది. బాగున్న కంటి వైపుతో పోల్చి ఎంత పెరిగిందో కంప్యూటర్‌లో కొలుస్తారు. ఒక మిల్లీలీటరు పెరిగితే, అంటే పసిపిల్లల చుక్కల మందు డ్రాపర్‌లో పట్టేంత, కన్ను దాదాపు ఒక మిల్లీమీటరు లోపలికి పోతుంది. రెండు మిల్లీమీటర్లు దాటితే ఎదుటివాళ్లకు తెలుస్తుంది. మీకు వాపు పూర్తిగా తగ్గిందా?

కాలర్: ఇంకా కొంచెం ఉందండి. పైకి చూస్తే రెండుగా కనిపిస్తోంది. చెంప, పై పెదవి మొద్దుబారినట్టున్నాయి.

డాక్టర్: వాపు ఉన్నన్నాళ్లూ కన్ను లోపలికి పోయిన సంగతి బయటపడదు. మొద్దుబారడం అంటారా, ఆ అడుగు ఎముకలోంచే చెంపకు నరం వెళ్తుంది, అది నలిగింది. ఇలాంటి ఆపరేషన్ అవసరమైతే మామూలుగా రెండు వారాల్లోపు చేస్తారు, మీకింకా వారం ఉంది. రెండుగా కనిపించడం తగ్గుతోందా లేదా అన్నది కూడా ఆ నిర్ణయంలో ఉంటుంది. రేపో ఎల్లుండో చూపించుకోండి. ముక్కు మాత్రం గట్టిగా చీదకండి, గాలి పగుల్లోంచి కంటి చుట్టూ చేరుతుంది. చూపు మసకబారినా, కన్ను ఉబ్బుకొచ్చినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి.

యాంకర్: సిద్దిపేట నుంచి ఇంకో కాల్. చెప్పండమ్మా.

కాలర్: సార్, మా బాబుకు పదేళ్లు. నిన్న సాయంత్రం కబడ్డీ ఆడుతుంటే ఇంకో పిల్లాడి మోచెయ్యి కంటికి తగిలింది. ఎక్స్‌రే తీస్తే ఎముక బాగానే ఉందన్నారు. కన్ను ఎర్రగా కూడా లేదు సార్. కానీ రాత్రి నుంచి మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. ఎండకేమో అనుకున్నాం.

డాక్టర్: అమ్మా, బాబు పక్కనే ఉన్నాడా? తల కదపకుండా పైకప్పు వైపు చూడమనండి.

కాలర్: ...చూడట్లేదు సార్. ఆ కన్ను మధ్యలోనే ఆగిపోయింది. నొప్పని ఏడుస్తున్నాడు.

డాక్టర్: ఇంకోసారి చేయించకండి. నేను చెప్పేది జాగ్రత్తగా వినండి. పిల్లల ఎముక పచ్చి కొమ్మలా వంగుతుంది. దెబ్బకు తలుపులా తెరుచుకుని, వెంటనే మూసుకుంటుంది. ఆ సందులో కన్ను తిప్పే కండరం ఇరుక్కుంటుంది. ఎక్స్‌రేలో ఇది తప్పిపోవచ్చు. సీటీలో కూడా పగులు వెంట్రుకంతే ఉండొచ్చు. ఇందాకటి తమ్ముడికి చెప్పిన చదరపు సెంటీమీటర్ల లెక్క ఇక్కడ పనికిరాదు. పగులు ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టిగా ఉంటుంది. కండరం నలిగితే వాంతులొస్తాయి, గుండె వేగం కూడా తగ్గుతుంది. తలకు దెబ్బ తగిలినా వాంతులవుతాయి, రెండూ చూడాలి.

కాలర్: అయ్యో... స్కాన్ రేడియేషన్ పిల్లలకు మంచిది కాదంటారు కదా సార్?

డాక్టర్: పిల్లలకు తగ్గట్టు డోసు తగ్గించి తీస్తారమ్మా. ఇప్పుడు స్కాన్ తీయకపోవడమే ప్రమాదం. కంటి సర్జన్, సీటీ రెండూ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి. స్కాన్ చీటీ మీద ‘పైకి చూడలేకపోతున్నాడు, వాంతులు’ అని రాయించండి. అది చదివితే స్కాన్ చూసే డాక్టరు ఆ కండరం కోసమే వెతుకుతారు. కండరం ఇరుక్కుంటే ఒకటి రెండు రోజుల్లోనే విడిపించాలి, నిన్న సాయంత్రం నుంచే ఆ లెక్క మొదలైంది. ఆపరేషన్ ఉండొచ్చు కాబట్టి దారిలో ఏమీ తినిపించకండి.

కాలర్: వాళ్ల నాన్న డ్యూటీ నుంచి ఆరింటికి వస్తారు సార్...

డాక్టర్: ఆరింటి దాకా ఆగొద్దమ్మా. పక్కింట్లో ఎవరికైనా బండి ఉందా?

కాలర్: మా మరిదికి ఆటో ఉంది సార్.

డాక్టర్: అయితే ఫోన్ పెట్టేసి ఆయన్ని పిలవండి. ఎక్స్‌రే ఫిల్మ్ మర్చిపోకండి. వెళ్లండమ్మా.