కయాక్ పోర్ట్రెయిట్లకి సీపీఎల్ ఫిల్టర్ కొనొచ్చా? మైపాడు కాలువ గట్టున రివ్యూ

నమస్కారమండీ. కయాక్‌లో ఉన్న మనిషిని ఫొటో తీస్తే లైఫ్ జాకెట్ బ్రహ్మాండంగా పడుతుంది, మొహం మాత్రం నల్లబడిపోతుంది. చుట్టూ నీళ్లేమో తెల్లగా మెరుస్తుంటాయి. ఈ 67 ఎంఎం సర్క్యులర్ పోలరైజర్, అదే సీపీఎల్, అంటే లెన్స్ ముందు బిగించి, రింగు తిప్పుతూ మెరుపు తగ్గించుకునే అద్దం, అందులో ఎంత బాగుచేస్తుందో చూద్దాం.

ముందే చెప్పేస్తా, మొహం నలుపు దీనితో పోదు. నీళ్ల వెలుగు చూసి కెమెరా మొత్తం ఎక్స్‌పోజర్, అంటే లోపలికి తీసుకునే వెలుతురు, తగ్గించేస్తుంది, అందుకే ఆ నలుపు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఆ వెలుతురుని మనం పెంచే, తగ్గించే సెట్టింగు) ప్లస్ 0.7 పెట్టండి, టోపీ ఉంటే గడ్డం కాస్త ఎత్తమనండి.

ఫిల్టర్ పని నీళ్ల మెరుపు మీద. బకింగ్‌హామ్ కాలువ ఇక్కడ, నెల్లూరు దగ్గరి మైపాడులో, తీరం వెంబడి ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది కాబట్టి, పొద్దున్నే కాలువ పొడవునా లెన్స్ పెడితే ఎండ పక్కనుంచి పడుతుంది. అదే తూర్పుకి తిరిగి తీశారనుకోండి, వాలు ఎండ తళుకుని ఈ ఫిల్టరు కూడా సరిగ్గా ఆపలేదు. గట్టు మీద నిలబడి తీయండి. పక్క కయాక్‌లో కూర్చుంటే లెన్స్ నీళ్లకి మరీ దగ్గరైపోయి ఫలితం బాగా తగ్గుతుంది.

ఇప్పుడు ఈ రెండు ఫొటోలు చూడండి. మొదటిదాంట్లో రింగు చివరిదాకా తిప్పాం. నీళ్లు ముదురు పచ్చగా బాగున్నాయి, కానీ బుగ్గ మీది తడి మెరుపు కూడా పోయి చర్మం పిండి రాసినట్టుంది. రెండోది సగం తిప్పింది, బుగ్గలో జీవముంది. అందుకే రింగు తిప్పేటప్పుడు నీళ్లని కాదు, బుగ్గని చూడండి. ఇంకోటి, చాలామంది మర్చిపోయేది: కెమెరాని అడ్డం నుంచి నిలువుకి తిప్పితే ఫిల్టరు కూడా దాంతోపాటే తిరిగిపోతుంది. రింగు మళ్లీ సరిచేసుకోవాలి. పోర్ట్రెయిట్లు ఎక్కువ పాడయ్యేది ఇక్కడే.

ఈ ఫిల్టరు వెలుతురు ఒకటిన్నర స్టాప్ తింటుంది (ఒక స్టాప్ తగ్గితే వెలుతురు సగమైనట్టు). షట్టర్ 1/1000 సెకను దగ్గరే ఉంచి ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందన) 400 నుంచి 1200కి పెంచండి. తెడ్డు మొహానికి అడ్డం రాకూడదంటే, మన వైపు రెక్క నీళ్లలో దిగే క్షణంలో నొక్కండి. అవతలి రెక్క దిగితే మన వైపు చెయ్యి లేచి కళ్లని కప్పేస్తుంది.

గడ్డం కింద నారింజ రంగు కనిపిస్తే అది జాకెట్ మీంచి పడిన వెలుగు. ఎడిటింగ్‌లో అక్కడొక్కచోటే బ్రష్‌తో తగ్గించండి.

గట్టు మీంచి తీసేవాళ్లు కొనుక్కోండి. కయాక్‌లోంచే తీసేవాళ్లకి అంత అవసరం లేదు. ఇక్కడ ఉప్పునీళ్లు కాబట్టి, ఫిల్టరు మీద కాలువ నీళ్ల తుంపర పడితే పొడిగుడ్డతో రుద్దకండి, ఉప్పు గీతలు పెడుతుంది. మంచినీళ్లతో తడిపిన గుడ్డతో ముందు అద్ది, ఆ తర్వాతే తుడవండి.