497 రోజుల తర్వాత సున్నా

నిన్నటిదాకా అప్‌టైమ్ (ఆగకుండా నడిచిన సమయం) 497 రోజులు చూపించిన సర్వర్ ఈ పొద్దున్న ఆరు గంటలే అంటోంది. రాత్రి రీబూట్ అయిందా? లాగ్‌లలో ఆ ఆనవాలే లేదు. నెలల కిందట మొదలైన ప్రాసెస్‌లు, అంటే నడుస్తున్న ప్రోగ్రాములు, అవే పీఐడీలతో (ప్రాసెస్ నంబర్లతో) నడుస్తున్నాయి. కనెక్షన్లూ తెగలేదు. మరి కరెంటు పోయిందని డేటా సెంటర్ వాళ్లతో గొడవకు దిగడం దేనికి?

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్ కెర్నల్. పాత కెర్నళ్లలో, అంటే 2.4 వెర్షన్ వరకు, మామూలు పీసీ ప్రాసెసర్ల మీద సెకనుకు 100 టిక్‌లు పడేవి. ఒక్కో టిక్‌కూ జిఫీస్ అనే కౌంటర్ ఒకటి పెరిగేది. దాని వెడల్పు 32 బిట్లు. అందులో పట్టే విలువలు 429,49,67,296. దాన్ని 100తో భాగించి రోజుల్లోకి మార్చండి: 497 రోజుల 2 గంటల 27 నిమిషాల చిల్లర. ఆ తర్వాతి టిక్‌కి కౌంటర్ సున్నా. మెషిన్ ఆగలేదు, లెక్క రాసుకునే చోటు నిండిపోయింది, అంతే. ఆల్ఫా ప్రాసెసర్ల మీద అదే కౌంటర్ 64 బిట్లు కాబట్టి అవి వాడినవాళ్లకి ఈ తలనొప్పి లేదు.

టిక్ చిన్నదైతే గడువు ఇంకా ముందే వస్తుంది. మిల్లీసెకన్లలో లెక్కపెడితే అవే 32 బిట్లు 49.7 రోజులకే నిండుతాయి. విండోస్ 95 అన్ని రోజులు నడిస్తే బిగుసుకుపోయేది అందుకే. (అన్ని రోజులు ఆపకుండా నడిపినవాళ్లు ఎంతమందో, అది వేరే సంగతి!) 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ, బోయింగ్ 787 జనరేటర్ కంట్రోల్ యూనిట్లకు 248 రోజులు ఆగకుండా కరెంటు అందితే లోపలి కౌంటర్ ఓవర్‌ఫ్లో అవుతుందని హెచ్చరించింది. సెకనులో నూరోవంతు చొప్పున 31 బిట్లు నిండడానికి పట్టేది సరిగ్గా అన్ని రోజులే.

అప్‌టైమ్ తప్పు చూపడం చిన్న నష్టం. అసలు ప్రమాదం టైమర్లది, అంటే గడువు రాగానే ఒక పని చేయించే కోడ్‌ది. "ఇప్పటి విలువ గడువు కన్నా పెద్దదా?" అని నేరుగా పోల్చే కోడ్, సున్నా దాటగానే బోల్తా పడుతుంది. గోడ గడియారంలో 11కి మొదలైన పని 2కి ముగిస్తే మైనస్ తొమ్మిది గంటలు పట్టిందంటామా? మూడు గంటలంటాం. కెర్నల్‌లోని టైమ్ ఆఫ్టర్ మాక్రో (ఒక చిన్న కోడ్ ముక్క) చేసేదీ అదే: తేడా తీసి, అది ప్లస్సా మైనస్సా అని చూస్తుంది.

2.6 కెర్నల్ నుంచి అప్‌టైమ్‌కి 64 బిట్ల లెక్క వచ్చింది. నాకు అంతకన్నా నచ్చింది కెర్నల్ రాసేవాళ్లు చేసిన ఇంకో చిలిపి పని. జిఫీస్‌ని సున్నాతో కాక, 32 బిట్లు నిండడానికి 300 సెకన్ల ముందున్న విలువతో మొదలుపెట్టారు. దాంతో ఎన్నో రోజులకు గానీ బయటపడని డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) తప్పు, బూట్ చేసిన అయిదు నిమిషాలకే, అది రాసినవాడు ఇంకా కుర్చీలో ఉండగానే బయటపడుతుంది.