గది కూడా వాయిస్తుంది

అందరికీ నమస్కారం.

సినిమాలో పెద్ద ఆర్కెస్ట్రా మోగగానే మనకు సంగీత దర్శకుడి పేరు గుర్తొస్తుంది. కాస్త ఆసక్తి ఉన్నవాళ్లు ఎవరు వాయించారని అడుగుతారు. ఏ గదిలో వాయించారని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. ఈ పూట నేను ఆ గదుల గురించే మాట్లాడతాను. ఇరవై వయొలిన్లు కలిసి పలికినప్పుడు మన చెవిన పడేది తీగల నాదం ఒక్కటే కాదు. గోడలకు, కప్పుకు, చెక్క నేలకు తగిలి తిరిగొచ్చే నాదం కూడా అందులో కలిసి ఉంటుంది. గది బాగా లేకపోతే ఎంత గొప్ప వాద్యకారులైనా పలచగా వినిపిస్తారు.

లండన్‌లోని అబే రోడ్ రికార్డింగ్ స్టూడియో అనగానే చాలామందికి బీటిల్స్ బృందం గుర్తొస్తుంది. సినిమా వాళ్లకు మాత్రం అక్కడి స్టూడియో వన్ ముఖ్యం. వందమందికి పైగా కూర్చుని వాయించగల హాలు అది. 1931 నవంబరులో ఆంగ్ల స్వరకర్త ఎల్గర్ స్వయంగా లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాను నడిపించి ఆ స్టూడియోను ప్రారంభించారు. సినిమా సంగీతం పెద్ద ఎత్తున అక్కడికి చేరింది మాత్రం 1980 తర్వాతే. అంతకుముందు లండన్ శివార్లలోని డెన్హమ్‌లో యాన్విల్ స్టూడియో ఉండేది. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' సంగీతం అక్కడే రికార్డయింది. ఆ చోటు చేజారాక యాన్విల్ వాళ్లు అబే రోడ్‌తో కలిసి పనిచేయడం మొదలుపెట్టారు.

లండన్‌లోనే హాంప్‌స్టెడ్‌లో లిండ్‌హర్స్ట్ హాల్ ఉంది. అది 19వ శతాబ్దపు చర్చి. బీటిల్స్ రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్ స్థాపించిన ఎయిర్ సంస్థ 1990ల మొదట్లో దాన్ని స్టూడియోగా మార్చింది. ఆరు పలకల హాలు, చుట్టూ పై వసారాలు. కప్పు కింద ఒక పెద్ద పందిరి వేలాడుతూ ఉంటుంది. దాన్ని కిందికి దించితే మారుమోత తగ్గుతుంది, పైకి లేపితే పెరుగుతుంది. అంటే గదిని కూడా శ్రుతి చేసుకోవచ్చన్నమాట. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఏర్పాటు అదే.

హాలీవుడ్ పద్ధతి వేరు. అక్కడ ఫాక్స్, వార్నర్ వంటి సంస్థలకు సొంత స్కోరింగ్ స్టేజీలు, అంటే సినిమా సంగీతం రికార్డు చేసే హాళ్లు, ఉన్నాయి. కల్వర్ సిటీలో ఇప్పుడు సోనీ చేతిలో ఉన్న స్టేజీ ఒకప్పటి ఎం.జి.ఎం.ది. అవి చర్చిల్లా, కచేరీ హాళ్లలా ఎక్కువసేపు మోగవు. దానికీ ఒక కారణం ఉంది. సినిమాలో సంగీతం ఒంటరిగా ఉండదు, దాని మీద మాటలుంటాయి, కారు చప్పుళ్లుంటాయి. మారుమోత ఎక్కువైతే అన్నీ కలగాపులగమైపోతాయి. తక్కువైతే సంగీతానికి గొప్పదనం రాదు. ఈ రెండిటి మధ్య ఏ గది సరిపోతుందో తేల్చుకోవడంతోనే సగం పని అయిపోతుంది.

సినిమా సంగీతం రికార్డు చేయడంలో ప్రాగ్, బుడాపెస్ట్, వియన్నా ఎందుకు ముందుకొచ్చాయి? మంచి వాద్యకారులు, మంచి హాళ్లు ఉండటం ఒక కారణం. ఒప్పందాలు ఇంకో కారణం. లాస్ ఏంజెలెస్‌లో యూనియన్ ఒప్పందం కింద పనిచేస్తే, సినిమా తర్వాత టీవీకో డిస్కులకో అమ్ముడుపోయినప్పుడు వాద్యకారులకు మళ్లీ వాటా వస్తుంది. ఈ నగరాల ఆర్కెస్ట్రాలు చాలావరకు ఒకేసారి డబ్బు తీసుకుని హక్కులు వదిలేస్తాయి. నిర్మాతకు అది సుఖం. వాద్యకారుడి వైపు నుంచి చూస్తే నాకు మొదటి పద్ధతే న్యాయంగా తోస్తుంది.

ఇప్పుడు రికార్డింగ్ రోజుకి వద్దాం. సెషన్ సాధారణంగా మూడు గంటలు. స్టాండ్ల మీద పెట్టిన నొటేషన్‌ను వాద్యకారులు చాలాసార్లు అప్పుడే మొదటిసారి చూస్తారు. పైన '3ఎం2' అని ఉంటుంది. మూడో రీలులో రెండో సంగీతం అని దాని లెక్క. రీళ్లు పోయినా లెక్క మిగిలింది. సినిమా ఆడే తెర వాద్యకారుల వీపు వెనక ఉంటుంది, కండక్టర్ మాత్రమే దాన్ని చూస్తారు. హీరో చనిపోతున్నాడో పెళ్లి చేసుకుంటున్నాడో చెల్లో వాయించే మనిషికి కనిపించదు. చెవిలో క్లిక్, అంటే లయ చెప్పే టిక్‌టిక్, మోగుతుంది. చాలామంది హెడ్‌ఫోన్‌ను ఒక్క చెవికే పెట్టుకుంటారు. రెండో చెవి పక్కవాళ్ల శ్రుతిని వినడానికి.

బిట్ చివర మెల్లగా ముగిసేదైతే ఆ క్లిక్కే శత్రువు. డెబ్బై హెడ్‌ఫోన్ల నుంచి కారే టిక్‌టిక్‌లు మైకుల్లో పడిపోతాయి. అందుకే ఇంజినీరు చివరి బార్లలో క్లిక్‌ను తగ్గిస్తూ పోయి ఆపేస్తారు. చివరి స్వరం అయ్యాక కూడా ఎవరూ కదలరు. కుర్చీ కిర్రుమన్నా, కాగితం తిప్పినా టేక్ పోయినట్టే.

క్లిక్ లేకుండా కూడా చేయొచ్చు. 1982లో 'ఇ.టి.' చివరి ఘట్టానికి సంగీతం తెర మీది దృశ్యంతో సరిగ్గా కుదరక ఇబ్బంది పడుతుంటే, దర్శకుడు స్పీల్‌బర్గ్ తెరను ఆపేయించి, సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్‌ను కచేరీలో నడిపించినట్టే నడిపించమన్నారు. తర్వాత ఎడిటింగ్‌ను సంగీతానికి తగ్గట్టు సరిచేశారు. సంగీతం తెలిసిన దర్శకుడు మాత్రమే తీసుకోగల నిర్ణయమది.

మైకుల సంగతి. కండక్టర్ తలకి పైన, సుమారు మూడు మీటర్ల ఎత్తులో మూడు మైకులు త్రికోణంలా ఉంటాయి. దాన్ని డెకా ట్రీ అంటారు. డెకా కంపెనీ ఇంజినీర్లు 1950లలో రూపొందించింది. గది మొత్తం వినిపించేది ఆ మూడిట్లోనే. ఒక్కో వాద్యం దగ్గర విడిగా పెట్టే మైకులు సాయానికే. హార్ప్ వినపడకపోతే దాని మైకు కాస్త పెంచుతారు, అంతే. ఈ మధ్య తీగ వాద్యాలను, బ్రాస్‌ను (ట్రంపెట్ల వంటి ఇత్తడి ఊదు వాద్యాలను), డప్పులను విడివిడిగా రికార్డు చేయడం ఎక్కువైంది. తర్వాత ఏది కావాలంటే అది తగ్గించుకోవచ్చని. సౌకర్యం నిజమే. కానీ ట్రంపెట్లు గట్టిగా మోగినప్పుడు వయొలిన్ల వాళ్లు తెలియకుండానే విల్లు నొక్కుతారు. విడిగా వాయిస్తే ఆ స్పందన రాదు. నేను వినే కొత్త సినిమాల్లో అదే లోటుగా అనిపిస్తుంది.

కోరస్‌ను మాత్రం విడిగా తీయడమే మంచిదని నా అభిప్రాయం. ఆర్కెస్ట్రాతో కలిపి పాడిస్తే బ్రాస్ అంతా గాయకుల మైకుల్లోకి వచ్చేస్తుంది. పైగా నలభైమంది గొంతుల్లో అచ్చులు ఒకేలా పలకాలి. ఒకరు 'అ'ను వెడల్పుగా, ఇంకొకరు ముడుచుకుని పలికితే శ్రుతి సరిగ్గా ఉన్నా తేడాగా వినిపిస్తుంది. అన్నిటికంటే ఇబ్బంది మాట చివర 'స్'. నలభైమంది నలభై క్షణాల్లో అంటే బుస కొట్టినట్టుంటుంది. అందుకని ఇద్దరు ముగ్గురిని మాత్రమే ఆ 'స్' పలకమని, మిగతావాళ్లను అచ్చుతోనే ఆపేయమని కోరస్ మాస్టర్ చెప్తారు. 2014 'ఇంటర్‌స్టెల్లార్'కు సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ గాయకులను మైకులకు వీపు తిప్పి పాడించారు. గొంతులు నేరుగా కాకుండా గది గుండా రావాలని.

తక్కువ డబ్బుతో పనిచేసే కొత్త సంగీత దర్శకులు మీలో ఉన్నారు కాబట్టి ఒక మాట. కంప్యూటర్‌లో దొరికే శాంపిళ్లలో, అంటే ముందే రికార్డు చేసి పెట్టిన వాద్య స్వరాల్లో, మంచివి చాలావరకు ఇలాంటి హాళ్లలోనే రికార్డు చేసినవి. వాటిమీద ఎనిమిది మంది నిజమైన వయొలిన్ వాద్యకారులను పెట్టండి, కానీ కార్పెట్ పరిచిన చిన్న గదిలో వద్దు. డబ్బు మైకుకా గదికా అని తేల్చుకోవలసి వస్తే ఎత్తైన కప్పున్న గదిని అద్దెకు తీసుకోండి. మామూలు మైకులు మూడు చాలు.