ఊరి గుట్ట మీద లేఅవుట్ రాళ్లు కనబడితే

శ్రోతలకు నమస్కారం.

ఊరి పక్క గుట్ట మీద ఒకరోజు పొద్దున్నే సున్నం పూసిన బండరాళ్లు వరుసగా నిలబెట్టి ఉంటాయి. అంతకు నెలా రెండు నెలల ముందే గరుసు తోలే ట్రాక్టర్లు తిరిగి ఉంటాయి. గొర్రెల బాట బండ్ల బాట అయి ఉంటుంది. అప్పుడెవరూ పట్టించుకోరు. రాళ్లు కనబడ్డాక ఊరు లేస్తుంది. జేసీబీకి అడ్డం నిలబడతారు, ఫోన్లలో వీడియోలు తీస్తారు, తహసీల్దారు ఆఫీసు ముందు బైఠాయిస్తారు. అదంతా అవసరమే. కానీ అధికారి ముందైనా కోర్టు ముందైనా చివరిదాకా నిలిచేవి రెండు కాగితాలు. ఆ భూమి రికార్డులో ఏమని రాసి ఉందో చూపే నకలు ఒకటి. దాని మీద ఏమేం చెట్లున్నాయో ఊరివాళ్లే లెక్కపెట్టి రాసుకున్న పట్టిక మరొకటి. ఈ రెండూ యంత్రం రాకముందే చేతిలో ఉండాలి. బ్లేడు తిరిగాక చెట్లను లెక్కపెట్టేదెట్లా?

కడప చుట్టుపక్కల ఇలాంటి నేలను అడవి అనడానికి చాలామందికి నోరు రాదు. కంప అంటారు, బీడు అంటారు. కలివి, రేగు, పరికి, జాన, తంగేడు, బలుసు, అక్కడక్కడా చండ్ర, సీతాఫలం, పాలకొండల అంచున ఎర్రచందనం మొలకలు. మనిషి ఎత్తు దాటని ఈ పొదలే మన సీమ అడవి. ఇక్కడి వానకు, ఇక్కడి రాతినేలకు చాలాచోట్ల ఇంతకంటే ఎత్తయిన అడవి రాదు. కేరళ అడవితో పోల్చి దీన్ని పనికిరాని భూమి అనడం కొర్రను వరితో పోల్చి పంటే కాదన్నట్టుంటుంది.

ఆ కంప విలువ తెలియాలంటే కలివికోడిని చూడండి. జెర్డన్ అనే వైద్యుడు కనిపెట్టిన ఈ పిట్ట 1848లో శాస్త్రానికి పరిచయమైంది. 1900 తర్వాత అది ఎవరి లెక్కలోకీ రాలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం వైపు, రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. రాత్రిపూట మాత్రమే తిరిగే పిట్ట. పొదలు మరీ దట్టంగా ఉన్నా ఉండదు, మరీ పలచగా ఉన్నా ఉండదు. పొదకూ పొదకూ మధ్య ఖాళీ నేల దానికి కావాలి. దాని కోసమే లంకమల అభయారణ్యం ఏర్పడింది, తెలుగు గంగ కాలువ దారి కూడా మార్చారు. మన కలివి పొదల సందున బతికే ఒక పిట్ట కాలువనే పక్కకు తిప్పింది. మీ ఊరి గుట్ట మీద కలివికోడి ఉందని చెప్పడం లేదు. బయటివాళ్లు కంప అని కొట్టిపారేసిన నేలలో ఏముందో, వెతికేదాకా తెలియదని చెబుతున్నాం.

నీళ్ల సంగతి ఇంకా దగ్గరిది. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే 4,047 లీటర్ల నీళ్లు. 40 ఎకరాల గుట్ట మీద ఒక రాత్రి 50 మిల్లీమీటర్లు పడిందంటే 80 లక్షల లీటర్లు దాటుతుంది. 5,000 లీటర్ల ట్యాంకర్లలో పట్టాలంటే 1,600 పైచిలుకు ట్యాంకర్లు కావాలి. పొదల కింద రాలిన ఆకు, బోద గడ్డి, రాళ్ల సందులు ఇందులో కొంత పట్టుకుని మెల్లగా కిందికి వదులుతాయి. గుట్ట కింది బావుల్లో ఊట అక్కడి నుంచే వస్తుంది. అదే గుట్టను చదును చేసి, రోడ్లేసి, ఇళ్లు కడితే నీళ్లు ఆగే చోటు ఉండదు. వచ్చిన నీళ్లు వచ్చినట్టే మట్టిని వెంటేసుకుని వంకలో పడతాయి. వంక పూడుతుంది, పక్క కాలనీ మునుగుతుంది. 2020 నవంబరులో కడపలో బుగ్గవంక పొంగింది, 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగింది. ఆ రెండు వరదలకూ వేరే కారణాలూ ఉన్నాయి. కానీ పైన నీళ్లు ఆగే నేల తగ్గి, కింద వంక ఇరుకైతే ఏమవుతుందో ఆ రెండు పట్టణాల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చిన వాళ్లను అడిగితే తెలుస్తుంది.

ఇక రికార్డు దగ్గరికి వద్దాం. మన సీమ జిల్లాలు ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలోని దత్తమండలాలు, అంటే నిజాం బ్రిటిషువారికి అప్పగించిన ప్రాంతం కాబట్టి, మన భూమికి మూల రికార్డు రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. ఆఫీసులో ఆర్ఎస్ఆర్ అంటారు. ముందుగా గ్రామ పటంలో గుట్ట సర్వే నంబరు పట్టుకోండి. అది తరచూ ఒక నంబరు కాదు, నాలుగైదు ఉంటాయి. ఒక్కటి వదిలేసినా ఆ వదిలిన నంబరులోనే పని మొదలవుతుంది. ప్రతి నంబరుకూ ఆర్ఎస్ఆర్ నకలు, కొలతల పుస్తకం అంటే ఎఫ్ఎంబీ నకలు, కనీసం గత పదేళ్ల అడంగల్, అంటే ఏటా రాసే పంట, అనుభవ రికార్డు తీసుకోవాలి. ఆర్ఎస్ఆర్‌లో గుట్ట పోరంబోకు, మేత పోరంబోకు, వంక పోరంబోకు అని ఉందా? ఏడబ్ల్యూడీ అని ఉందా? అంటే శిస్తు నిర్ణయించిన బంజరు మెట్ట. లేక పట్టాదారు పేరు ఉండాల్సిన చోట ఉత్త చుక్కలు ఉన్నాయా? ఇవన్నీ వేర్వేరు దారులు. పోరంబోకును ఇళ్ల స్థలాలకు ఇవ్వాలంటే ముందు దాని వర్గం మార్చాలి. అందుకు ఊళ్లో నోటీసు పెట్టి అభ్యంతరాలు పిలవాలి, పైఅధికారి ఉత్తర్వు ఉండాలి. ఆ ఉత్తర్వు నంబరు, తేదీ అడగండి. ఆర్ఎస్ఆర్‌లో మేత పోరంబోకు, ఈ ఏటి అడంగల్‌లో ఏడబ్ల్యూడీ అని ఉండి, మధ్యలో ఉత్తర్వు కాగితం ఏదీ దొరకలేదనుకోండి, మీ వాదానికి అంతకంటే గట్టి ఆధారం ఉండదు.

నకళ్లు ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగాలి. గ్రామస్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు "ఎందుకు ఇచ్చారు, ఎవరు ఇచ్చారు" అని ప్రశ్నలు రాయడం. ప్రశ్నకు జవాబు తప్పించుకోవచ్చు, కాగితానికి తప్పించుకోవడం కష్టం. "ఫలానా సర్వే నంబరు వర్గం మార్పు ఫైలు నకలు, నోటు ఫైలుతో సహా" అని రాయండి. చెట్లు కొట్టడానికి 2002 వాల్టా చట్టం, అంటే నీరు, నేల, చెట్ల చట్టం కింద అనుమతి ఇచ్చారేమో దాని నకలు కూడా అదే దరఖాస్తులో అడగొచ్చు.

అటవీశాఖ వైపు రెండు విషయాలు చూడాలి. ఒకటి, ఆ గుట్ట 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నోటిఫై అయిందా. సెక్షన్ 4 నోటిఫికేషన్ అంటే రిజర్వు అడవి చేయబోతున్నామన్న ప్రకటన, సెక్షన్ 15 అంటే చేశామన్న తుది ప్రకటన. నాలుగు వచ్చి పదిహేను రాకుండా ఆగిపోయిన భూములు ఉన్నాయి. రెవెన్యూవారు వాటిని ఖాళీ భూమి అనుకుంటారు, అటవీశాఖ తమదే అనుకుంటుంది, ఆ సందులో లేఅవుట్ వస్తుంది. రెండోది, నోటిఫై కాకపోయినా అది అడవి కావచ్చు. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమంటే, నిఘంటువు అర్థంలో అడవి అయినదల్లా, యజమాని ఎవరైనా, 1980 అటవీ సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. అంటే కేంద్రం అనుమతి లేకుండా ఇళ్లకు ఇవ్వడానికి లేదు. 2023 సవరణ ఈ పరిధిని కుదించింది. దాని మీద కేసు నడుస్తుండగా 2024 ఫిబ్రవరి 19న అదే కోర్టు, అలాంటి అడవుల గుర్తింపు పూర్తయ్యేదాకా రాష్ట్రాలు 1996 అర్థాన్నే పాటించాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. హైదరాబాదులో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో యంత్రాలు దిగినప్పుడు 2025 ఏప్రిల్ 3న పని ఆపించిందీ సుప్రీంకోర్టే. కానీ అప్పటికే చాలా ఎకరాల చెట్లు పోయాయి.

"ఇదేం అడవి, అంతా బయటి నుంచి వచ్చిన సర్కారు తుమ్మే" అన్న మాట తప్పకుండా వస్తుంది. దానికి జవాబే ఆ రెండో కాగితం. ఒక్కో వైపు పది మీటర్లు ఉండేలా తాడుతో చదరం కట్టండి. అది రెండున్నర సెంట్లు, 40 చదరాలైతే ఎకరం. మంచి చోటు ఏరుకోకుండా, గుట్ట అడుగున, నడుమ, నెత్తిన, వంక పక్కన సమానంగా వేయాలి. 40 ఎకరాలకు 20 చదరాలైనా లేకుంటే లెక్కకు బలం ఉండదు. ప్రతి చదరంలో చెట్టు పేరు, ఎన్ని, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో కాండం చుట్టుకొలత రాయండి. పొదలను ఉత్తగా లెక్కిస్తే చాలు. సర్కారు తుమ్మను దాచకుండా వేరే వరసలో రాయండి, దాచితే మొత్తం పట్టికనే నమ్మరు. ప్రతి చదరానికీ తేదీ, స్థలం పడేలా ఫోటో తీయాలి. ఒకసారి అక్టోబరులో, మరోసారి మే నెలలో చేస్తే మంచిది. ఎండాకాలంలో ఆకు రాలిన పొదను చూసి ఎండిపోయింది అనేస్తారు, అక్టోబరు ఫోటో పక్కన పెడితే ఆ మాట నిలవదు. పేర్ల కోసం గొర్రెల కాపరులను వెంట తీసుకెళ్లండి. ఏ పొద ఏ నెలలో చిగురిస్తుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అర్జీలో నాలుగు హద్దులు, సర్వే నంబర్లు, విస్తీర్ణం, ఆర్ఎస్ఆర్ వర్గం, చెట్ల పట్టిక ఉండాలి. అడిగేది ఒక్కటే ఉండాలి: రెవెన్యూ, అటవీశాఖలు కలిసి ఉమ్మడి సర్వే చేసేదాకా పని ఆపండి. "అడవిని కాపాడండి" అని రాస్తే అధికారికి చేయడానికి పని దొరకదు, ఉమ్మడి సర్వే అంటే తేదీ వేయక తప్పదు. సోమవారం కలెక్టరేటులో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. అదే రోజు జిల్లా అటవీ అధికారికి, పంచాయతీ కార్యదర్శికి, పట్టణాభివృద్ధి సంస్థకు కూడా అందజేయాలి. అటవీ అధికారికి ఇవ్వడం మరిచిపోయి నెలలు పోగొట్టుకోకండి. గ్రామసభ తీర్మానం చేయించగలిగితే ఇంకా మేలు, తీర్మానంలో కూడా సర్వే నంబర్లు పడాలి.

ప్రైవేటు లేఅవుట్ అయితే 500 చదరపు మీటర్లు దాటితే రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ రిజిస్ట్రేషన్ ఉండాలి. 50 హెక్టార్లకు, అంటే సుమారు 123 ఎకరాలకు చేరితే పర్యావరణ అనుమతి కూడా కావాలి. పక్కపక్కన మూడు పేర్లతో మూడు లేఅవుట్లు కనబడితే, మూడూ కలిపి ఎంతవుతుందో చూడండి.

పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ మనకు చెన్నైలో ఉంది. గొడవకు కారణం మొదట పుట్టిన రోజు నుంచి ఆరు నెలల్లోపు వెళ్లాలి, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. నష్టపరిహారం అడగని దరఖాస్తుకు రుసుము 1,000 రూపాయలు. అటవీ సంరక్షణ చట్టం దాని పరిధిలో ఉంది, వాల్టా లేదు. పట్టా ఎవరిది అన్న తగవు అక్కడ పెట్టకండి, దానికి హైకోర్టు, సివిల్ కోర్టులు ఉన్నాయి. చర్చలు జరుగుతున్నాయి కదా అని ఎదురుచూస్తూ ఆరు నెలలు దాటించుకుంటే తర్వాత ఎంత మంచి వాదమున్నా లోపలికి పోదు.

ఇందులో అన్నిటికంటే కష్టమైన సంగతి ఇళ్లు లేని పేదలది. గుట్ట మీద స్థలం ఇస్తామని పేరు రాయించుకున్న కుటుంబం మీ ఊరిదే. పెంకులు కారే ఇంట్లో ముగ్గురు పిల్లలతో ఉన్న తల్లికి కలివి పొద గురించి చెప్పి వెనక్కి పంపడం న్యాయం కాదు. చట్టం కూడా దీన్ని గుర్తించింది. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమంది. అయితే భూమిలేని కూలీలకు, ఎస్సీ ఎస్టీలకు ప్రభుత్వమే లీజుకిచ్చిన చోట్లు, బడో ఆసుపత్రో ఇప్పటికే ఉన్న చోట్లు అరుదైన మినహాయింపులు కావచ్చునంది. అందుకే గుట్ట వద్దన్న రోజే వేరే చోటు కూడా చూపాలి. పట్టాలిచ్చి ఏళ్లయినా ఇళ్లు లేక పాత కాలనీల్లో ఎన్ని స్థలాలు ఖాళీగా ఉన్నాయో ఒక ఆదివారం తిరిగి లెక్క రాయండి. ఊరికి ఆనుకుని, కరెంటు, నీళ్ల పైపు దగ్గరున్న చదును భూమి ఏదో సర్వే నంబరుతో చూపండి. గుట్ట మీద ఇల్లు కడితే పునాదికి రాయి పగలగొట్టాలి, నీళ్లు పైకి ఎక్కించాలి, పిల్లలు బడికి దిగి రావాలి. ఆ ఖర్చూ ఆ కష్టమూ ఆ కుటుంబానిదే. ఈ లెక్క ఆ కుటుంబాల ముందు పెట్టి మాట్లాడితే వాళ్లే అర్జీ మీద మొదటి సంతకం పెట్టొచ్చు.

ఒకవేళ బ్లేడు ఇప్పటికే తిరిగిందనుకోండి. పని ఆగిన వెంటనే గుంతలు తవ్వి నర్సరీ మొక్కలు నాటాలని చాలామందికి తొందర ఉంటుంది. ఆగండి. పైకొమ్మలు పోయినా వేరు నేలలో ఉంటే కలివి, రేగు, చండ్ర, తంగేడు తిరిగి చిగురిస్తాయి. మీరు తవ్వే గుంత ఆ వేరునే తెంపుతుంది. మోళ్లను పెరకనివ్వకండి, కొట్టిపడేసిన కంపను తగలబెట్టనివ్వకండి, ఆ కంపనే అంచున కంచెగా పేర్చి రెండు వానాకాలాలు మేకలను ఆపండి. బ్లేడు చెక్కిన చోట నీళ్లు గాడి చేయకుండా వాలుకు అడ్డంగా మోకాలెత్తున రాళ్ల వరసలు పేర్చండి. జూన్ వానకు ఏ మోడు ఏ రోజు చిగురేసిందో ఫోటో తీసి, అదే చదరం నంబరు కింద, అదే పట్టికలో రాయండి. ఉమ్మడి సర్వేకు వచ్చిన అధికారులు చూడాల్సింది ఆ పట్టికనే.

నమస్కారం.